దూడ వాటా

మా పాపకి పాలు పడ్డాయి!

విశాఖలో పిల్లల డాక్టరమ్మ పాపని తన ఎదురుగానే కూర్చోబెట్టి, ముందు చెంచాతో, ఆగి ఆగి చూసుకుంటూ, ఆఖరికి చిన్న గ్లాసుతో ఆవుపాలు తాగించింది. పొద్దుగూకే దాకా మమ్మల్ని కదలనివ్వలేదు. వాంతి లేదు, విరేచనం లేదు, రక్తం జాడ లేదు. "ఇంక భయం లేదు, ఇంట్లో కూడా ఇవ్వండి" అంది. ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను. మర్నాడు పాసింజరు బండిలో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలేస్తుంటే, నెరిసిన తలతో నేనూ కేకలేశాను. అరకులో దిగేసరికి నాతో పాటు లైను మీద పనిచేసే గ్యాంగ్‌మన్ ఎదురొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే వాడన్నాడు, "మీ అప్ప పోనాది. నిన్ననే మట్టి సేసేసినారు."

చదివేవాళ్ళు మన్నించాలి. చావు కబురు కంటే పాల కబురు ముందు రాసేశాను. అప్ప ఉంటే ఆవిడ కూడా అదే ముందు అడిగేది.

అప్ప నాకు తోడబుట్టినది కాదు. మా రైల్వే క్వార్టర్ల వెనక మెట్ట మీద ఆవిడ ఇల్లు. కొండమనిషి. సామలు, చోళ్ళనే రాగులు, కాస్త అల్లం పండించుకుని, డుంబ్రిగుడ సంతకి గంప మోసుకెళ్ళేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. మా ఆవిడ అప్పా అని పిలిస్తే నాకూ అప్పే అయింది.

ఆవిడకి రెండు ఆవులుండేవి. మేం మైదానం నుంచి వచ్చినవాళ్ళం కదా, వచ్చిన కొత్తలో మా ఆవిడ చెంబు పట్టుకుని వెళ్ళింది.

"అప్పా, మాకు పాలు ఇత్తావా?"

"పాలా? నాకాడ ఎక్కడివి?"

"అదేటి, పెరట్లో ఆవుండగా!"

"అవి దూడవి గదమ్మీ. నీకు పిల్ల పుడితే నీ పాలు తెచ్చి నా దూడకి పోత్తావేటి?"

మా ఆవిడ ఖాళీ చెంబుతో తిరిగొచ్చి, నవ్వలేకా కోప్పడలేకా గుమ్మంలో కూలబడింది. తర్వాత తెలిసింది, ఆ కొండ మీద వాళ్ళు ఆవుని పితకరని. దున్నడానికి ఎడ్లు కావాలి, పొలానికి పేడ కావాలి. పాలు మాత్రం దూడ వాటా. "దూడ తాగాల. మిగిల్తే అదీ దూడే తాగాల" అనేది అప్ప.

పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి మాకు పాప పుట్టింది. తల్లి పాలు చాలక డబ్బాపాలు మొదలుపెట్టాం. అంతే, మా ఇంట్లో కంటినిండా నిద్రపోయినవాళ్ళు లేరు. తాగిన పాలు తాగినట్టే కక్కేది. విరేచనంలో జిగురు, రక్తపు చారలు. పాప చిక్కిపోతుంటే బలానికని ఇంకాస్త పాలు పట్టేవాళ్ళం. దిష్టి అన్నారు, పళ్ళొచ్చే విరేచనాలన్నారు. అన్ని దిష్టులూ తీయించాం. లైను మీద పని చేసి వచ్చి గుడ్డలుతకడం, మళ్ళీ బండెక్కి ఆస్పత్రికి వెళ్ళడం. ఆ అలసట ఇప్పటికీ నా మోకాళ్ళలో ఉంది.

చివరికి ఆ డాక్టరమ్మే కనిపెట్టింది. "ఈ పాప పేగులకి పాలు పడటం లేదు. ఆవువి, గేదెవి, మేకవి ఏవీ వద్దు. పెరుగు, వెన్న, నెయ్యి కూడా వద్దు. తల్లి తన పాలివ్వచ్చు, కానీ ఆవిడ కూడా ఇవన్నీ మానాలి" అని, ఆ పాలు చాలనప్పుడు పట్టడానికి వేరే రకం పొడి రాసిచ్చింది. పెద్దదవుతుంటే తగ్గిపోవచ్చు, ఓపిక పట్టండి అంది. నెత్తురు ఆగింది. పాపకి బుగ్గలొచ్చాయి.

అన్నప్రాసనకి శృంగవరపుకోట నుంచి మా అత్తగారొచ్చారు. పాలు లేని పాయసంతో పిల్లకి తొలిముద్ద పెట్టడమా అని ఆవిడ బాధ. మాకు చెప్పకుండా చిక్కటి పాలతో పరమాన్నం వండేశారు. "నాలిక్కి రాత్తే ఏటైపోద్దే? దేవుడి పెసాదం!" అన్నారు. రాశారు. పాప లొట్టలేసింది, ఇంకో ముద్ద పెట్టారు. పీటలు తీసేలోపే వాంతులు మొదలయ్యాయి. ఆగకుండా కక్కి కక్కి, పిల్ల తడిగుడ్డలా నా భుజం మీద వేలాడిపోయింది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి బతికించారు. మా అత్తగారు ఆ వరండాలో గోడకి తల ఆనించుకుని కూర్చున్నారు. ఆవిడని ఎవరేమనగలరు? ప్రేమతోనే పెట్టారు.

తిరిగొచ్చాక అప్ప మా గుమ్మంలో నిలబడి తిట్టింది. "మీ ఇంటికి సుట్టాలొత్తారు, నెయ్యి తెత్తారు, పెరుగు తెత్తారు. ఎంతమందిని ఆపుతావు తమ్ముడూ? నువ్వు డూటీకెళ్ళిపోతావు. ఈ గుంటపిల్లని నాకాడ వదిలీ. మా కుండకి పాలంటే తెలీదు."

ఆ మాటతో ఆవిడ మా బరువు సగం ఎత్తుకుంది. డాక్టరమ్మ చెప్పినదంతా మేం చెబితే విని, ఒకటే మాటగా గుర్తుంచుకుంది: దూడది ఏదీ గుంట నోట్లో పడకూడదు. ఇంక మా ఇంటికి ఎవరొచ్చినా పాప మెట్ట మీద అప్ప ఇంటికి చేరేది. నీళ్ళలో కాచిన చోడిజావ, చిదిమిన చిలగడదుంప, తర్వాత తర్వాత సామన్నం, గుడ్డు. పాప కనబడగానే అప్ప చుట్ట ఆర్పి చూరులో దోపేది, బూడిదతో చేతులు తోముకునేది. ఆపైన "నోరు సూపు" అని పాప నోరు వాసన చూసేది. మా ఆవిడకి ఒళ్ళు మండేది.

"నేను పెడతానేటి అప్పా? నా మీదా అనుమానమేనా?"

"నువ్వు పెట్టవు. మీ యమ్మ బిస్కట్టు ముక్క పెట్టీసిందేమో సూత్తన్నాను. ఆ బిస్కట్లలో కూడా పాలుంటాయట గదా."

పాప వయసు పిల్లలకంటే పొట్టిగా ఉందని నేను దిగులుపడితే, "బేగి పెరగక్కర్లేదు తమ్ముడూ, పెరిగితే సాలు" అనేది. లైను మీద పలుగు ఎత్తలేని రోజులన్నీ ఆ మాటతో నెట్టుకొచ్చాను.

మొన్న విశాఖ బయల్దేరినప్పుడు అప్ప జ్వరంతో పొయ్యి పక్కన పడుకుని ఉంది. ఆస్పత్రికి మాతో రమ్మంటే వినలేదు. పాపని దగ్గరికి రానివ్వకుండా దగ్గుతూనే చెప్పింది. "పాలు పడితే వొచ్చి సెప్పండి. పడకపోయినా సెప్పండి, జావ కాత్తాను."

చెప్పడానికి వచ్చాం. చూరులో సగం కాల్చిన చుట్ట అలాగే ఉంది. పొయ్యి చల్లారి ఉంది. అరుగు మీద కూర్చుండిపోయాను.

మా ఇంటికి వచ్చాక మా ఆవిడ పాలు కాచి గ్లాసుతో పాపకిచ్చింది. పాప సగం తాగి ఆపేసింది. "మిగతాది దూడకి" అంది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక ఈ కబురు అందవలసినవాళ్ళు: శృంగవరపుకోటలో మా అత్తగారు, మిగిలిన వాళ్ళందరికన్నా ముందు, ఎందుకంటే ఆ పరమాన్నం తర్వాత ఆవిడ పాయసం ముట్టలేదు, బొబ్బిలిలో మా అక్క, గజపతినగరంలో మా తమ్ముడు, మరదలు, చీపురుపల్లిలో మా బావగారు, గుమ్మలక్ష్మీపురం దగ్గర కాపురమున్న అప్ప కూతురు, తల్లి చివరిదాకా అడిగిన సంగతి కాబట్టి ఆమెకి మేమే వెళ్ళి చెప్పాలి. ఇంకా, మెట్ట మీద దూడ. దానికి పాప అప్పుడే చెప్పేసింది. సగం గ్లాసు పట్టుకుని మెట్ట మీదికి వెళ్ళి, దాని పక్కనే నిలబడి, తెల్లటి మూతితో. అది తల్లి పొదుగు వదిలి తల తిప్పింది, దాని మూతీ తెల్లగానే ఉంది.