గడిలో ఏటవాలు గీత: మా యోహాను సార్

యోహాను సార్ ఇక లేరు. పోయిన గురువారం పొద్దున హిందూపురం నుంచి ఆయన కూతురు మేరీ అక్క ఫోన్ చేసినప్పుడు నేను పెనుకొండలో, మా శిక్షణ కేంద్రం ఆర్మరీలో, తుపాకుల గదిలో ఉన్నాను. "కాఫీ తాగి కుర్చీలో కూసున్న్యాడు పాపా. పేపరు చేతిలోనే ఉండాది. పిలిస్తే పలకల్యా" అంది అక్క. చేతిలోని రైఫిల్ బోల్టును బల్ల మీద పెట్టి, తీసి, మళ్లీ పెడుతూ ఉన్నానట. పక్కనున్నవాళ్లు తర్వాత చెప్పారు.

ముదిగుబ్బ దగ్గర ఒక మెట్టపల్లెలో, కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి ఆయన. సైన్యంలో ఆయుధాల మరమ్మతు నేర్చి, విరమణానంతరం ధర్మవరంలో ఇల్లు కట్టుకుని, మా కేంద్రంలో ఆర్మరర్‌గా చేరారు. కాపలా ఉద్యోగాలకు తర్ఫీదు ఇచ్చే ఆ చోటికి ఎప్పుడో పెట్టెల కొద్దీ పాత సోవియట్ రైఫిళ్లు వచ్చాయి. యుద్ధంలో వాడినవాటిని ఆ దేశంలోనే విప్పి, బాగుచేసి, నల్లరంగు పూసి, గ్రీజు పట్టించి దాచిన సరుకు అది. ఏ తుపాకి ఏ కర్మాగారంలో పుట్టింది, దాని ఒంటి మీద ఏ భాగం సొంతం, ఏది పరాయిది అన్నది సూక్ష్మమైన ముద్రలను బట్టి చెప్పగల విద్వాంసుడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కరే. నక్షత్రముంటే తూలా ఊరిది, త్రికోణంలో బాణముంటే ఇజెవ్‌స్క్ ఊరిది అని మా చేత ఎక్కాల్లాగా వల్లె వేయించేవారు.

ఆయన బోధనాపద్ధతి విలక్షణమైనది. ముందు కళ్లు మూయించి ముద్రను వేలితో తడమమనేవారు. ఆ తర్వాత సుద్దముక్క రుద్ది, గుడ్డతో తుడిచి, గుంటల్లో తెల్లగా నిలిచిన గుర్తును భూతద్దంలో చూపించేవారు. తొందరపడి జవాబు చెప్పినవాణ్ణి "ఏమబ్బా, బస్సు పోతాందా నీకి?" అని ఆటపట్టించేవారు. "రంగు అబద్ధమాడుతాది. రంగు కింద ఇనుముంటాది, దాన్ని అడుగు" అన్నది ఆయన నిత్యం చెప్పే మాట.

ప్రతి కొత్త జట్టుకూ ఆయన మొదటి పాఠం ఒకటే. నల్లబల్ల మీద నలుచదరపు గడి గీసి, అందులో మూల నుంచి మూలకు ఒక ఏటవాలు గీత కొట్టేవారు. ఆ గుర్తు తుపాకిని అక్కడి మరమ్మతు కర్మాగారంలో విప్పి కూర్చారనడానికి చిహ్నం. "ఈ గుర్తు తెలీక నేనొక మనిషి బతుకు తీసినా" అని, జరిగింది జరిగినట్టు చెప్పేవారు. గురువన్నవాడు తన అపరాధంతో పాఠం మొదలుపెట్టడం నేను మరెక్కడా చూడలేదు.

ఆ మనిషి మా నాయన.

నాయన ఆ ఆర్మరీకి కాపలాదారు. ఒక తనిఖీలో యోహాను సార్‌కు తూటాను గొట్టంలోకి నెట్టే ఒక బోల్టు మీద రెండు అంకెలు కనిపించాయి. పాత అంకె మీద అడ్డంగా గీత, పక్కన వేరే అచ్చుతో కొత్త అంకె. మన సైన్యం తుపాకులతోనే పెరిగిన ఆయనకు అంకె కొట్టివేత అంటే దొంగతనమే. అసలు బోల్టును అమ్ముకుని, వేరేది తెచ్చి, దాని మీద దొంగ అంకె వేశారని రాసిచ్చారు. తాళాలు నాయన చేతిలో ఉన్నాయి కాబట్టి ఉద్యోగం పోయింది. కనగానపల్లి దగ్గర మా పల్లెకు వచ్చి గొర్రెలు తోలుకున్నాడు. ఊళ్లో "బోల్టు ఓబులేసు" అని పేరు పెట్టారు. నేనప్పుడు ఏడో తరగతి. బడిలో నన్ను కూడా అదే పేరుతో పిలిచారు.

రెండేళ్లకు, అంతవరకూ సీలు విప్పని పెట్టె ఒకటి తెరిచారు. గ్రీజు తుడిచి చూస్తే అందులోని రైఫిళ్లకూ గీత కొట్టిన అంకెలే, పక్కన కొత్త అంకెలే. ప్రతిదాని మీదా ఆ గడి, ఆ గీత. వేరే తుపాకి బోల్టును తెచ్చి అమర్చినప్పుడు, పాత అంకె కొట్టేసి ఈ తుపాకి అంకె వేయడం అక్కడి కర్మాగారాల ఆనవాయితీ. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదని మేరీ అక్క చెప్పేది. మర్నాడే "తప్పు నాది, అతడు నిర్దోషి" అని పైవాళ్లకు రాశారు. మూసిన ఫైలును ఎందుకు కెలుకుతావన్నారు. ఆయన కెలకడం మానలేదు. ఆరేళ్లకు నాయన మీది మచ్చ కాగితం మీద పోయింది. ఉద్యోగ వయసు కూడా అప్పటికే పోయింది.

ఆ కాగితం పట్టుకుని ఆయనే మా ఇంటికి వచ్చారు. నాయన లోపలి నుంచి రాలేదు. ఆ తర్వాత నెలకొకసారి ఆదివారం వచ్చి, వాకిట్లో నిలబడి, అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లేవారు. నాయన ఒక్కసారీ బయటికి రాలేదు. నేను డిగ్రీ అయ్యాక ఆ పని నేర్చుకుంటానంటే నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నన్ను ఆ పేరుతో పిలిపించిన ముద్ర ఏమిటో నాకు తెలియాలి. అందుకే వెళ్లాను. సార్ నన్ను కన్నకూతురిలా చూశారు. తెలియనిచోట "నాకు తెలియదు" అని రిపోర్టులో రాసే ధైర్యం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అలా రాసినందుకు అధికారి ఆయన మీద కోప్పడితే, "తెలుసని రాసి ఒకసారి చూసినాను సార్" అన్నారు, అంతే.

పోయిన నెల, సంగటి తింటూ నాయన తలెత్తకుండా అన్నాడు: "ఆయప్పకు వయసైపోయింది. ఈసారొస్తే లోపలికి పిల్చు. ఈడనే తిని పోతాడు." ఇరవై ఏళ్లుగా నేను ఎదురుచూసిన మాట. ఫోన్లో చెబితే చప్పగా ఉంటుందని, ఆయన ముఖం చూస్తూ చెప్పాలని దాచుకున్నాను. అంతలో ఆయనకు ఒంట్లో నలతగా ఉండి హిందూపురంలో కూతురింటికి వెళ్లారు. పెనుకొండకు హిందూపురం ఎంత దూరమని! ఈ వారం తనిఖీ, పై వారం జట్టు పరీక్షలు. నేను వెళ్లలేదు.

ధర్మవరంలో సమాధి చేసే రోజున నాయన తానే చొక్కా వేసుకుని బయలుదేరాడు. బస్సులో నా పక్కన కూర్చుని, "నేను పిల్చినానని ఆయప్పకు చెప్పినావు గదా?" అని అడిగాడు.

"చెప్పినా నాయనా" అన్నాను.

నాయన కళ్లు తుడుచుకున్నాడు. "అట్లయితే సరే" అన్నాడు. శ్మశానంలో పిడికెడు మన్ను వేసి, ఎంతో కాలానికి బరువు దించుకున్నవాడిలా నిలబడ్డాడు. నేను ఆయన పక్కన నిలబడలేకపోయాను.

సార్ వంటి గురువు నాకు మళ్లీ దొరకడు. ఆ విద్యకు మరొక విద్వాంసుడు రావచ్చు. తన తప్పును మోసుకుంటూ మా వాకిటికి ఇన్నేళ్లు నడిచిన మనిషి రాడు. నాయనకు ఇప్పుడు చూపు ఆనదు, అక్షరాలు కనపడవు. ఈ వ్యాసం అచ్చయిన రోజున పల్లెకు వెళ్లి, ఒక్క మాట కూడా వదలకుండా నేనే ఆయనకు చదివి వినిపిస్తాను.