నాలుగో అంతస్తులో తల్లిగారిల్లు

దుబాయికి బయలుదేరే ముందు రోజు అవ్వ, అదే మా అమ్మ, బియ్యానికి పసుపు పట్టించింది. వంటింట్లో చాప పరిచి, సన్నబియ్యం కుప్పగా పోసి, పసుపూ కాస్త నెయ్యీ వేసి రెండు చేతులతో రుద్దుతూ కూర్చుంది. పక్క గదిలో బాపు కొత్త టోపీ పెట్టుకొని అద్దంలో చూసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా బస్సు నడిపి ఆ మధ్యనే రిటైరయ్యాడు. కరీంనగర్‌లోని ఒక ట్రావెల్స్ వాళ్లు తీసుకెళ్లే టూరులో మా ముగ్గురికీ సీట్లు మాట్లాడాడు. ఎడారి, ఎత్తైన కట్టడం, బంగారం బజారు, పెద్ద పెద్ద మాల్‌లు అన్నీ వాళ్లే చూపిస్తారు. అడిగినవాళ్లందరికీ బాపు ఆ సంగతే చెప్పాడు.

అవ్వ మాత్రం వెళ్తున్నది అక్కకు ఒడిబియ్యం పోయడానికి.

పెళ్లైన ఆడపిల్లకు తల్లిగారు బేసి ఏళ్లలో ఒడి నింపడం మా దిక్కు ఆచారం. కొత్త చీర కట్టించి, కొంగు పట్టించి, పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు, ఖర్జూరాలు ఒళ్లో పోసి అత్తగారింటికి పంపుతారు. మా అక్క పెళ్లైన కొత్తలోనే బావతో దుబాయి వెళ్లిపోయింది. మూడో ఏడు బావకు సెలవు దొరకలేదు. ఐదో ఏడు అక్క పని చేసే పళ్ల దవాఖానలో సెలవివ్వలేదు. ఆ ఏడు కూడా ఇంకో నెలలో అయిపోతోంది.

"రెండుమాట్ల తప్పితే ఏమంటరే? తల్లిగారు లేని పిల్ల అంటరు," అంది అవ్వ, బియ్యం మూటగడుతూ.

"ఎవరంటరవ్వా?"

"ఎవరో ఎందుకు? నాకే అనిపిస్తది."

ఆ మూటను పెద్ద సూట్‌కేసు అడుగున పెట్టి, మీద చీరలు సర్దింది. నేను ఒక పుస్తకం, డైరీ పెట్టుకుందామని చూస్తే జాగా లేదు. భుజాన వేసుకునే సంచిలో పెట్టుకున్నాను.

అక్కకూ బావకూ ఉన్నది ఒక్క గది. ఒకే ఇంటిని మూడు కుటుంబాలు పంచుకుంటాయి, వంటగది అందరిదీ. అందుకే మేము టూరు వాళ్లిచ్చిన హోటల్లో దిగాం. నాలుగో అంతస్తులో కారిడారు పొడుగునా ఎక్కువగా మా టూరు వాళ్లవే గదులు. జగిత్యాల నుంచి ఇద్దరు తోడికోడళ్లు కుటుంబాలతో వచ్చారు. సిరిసిల్ల నుంచి ఒక టీచరమ్మ, ఆమె భర్త. బిడ్డ ఊళ్లో ఉండగా హోటల్లో దిగడం అవ్వకు నచ్చలేదు. "దిక్కులేనోళ్ల లెక్క అడ్డా మీద దిగినట్టున్నది," అని మొదటి గంటంతా సణిగింది.

ఆ సాయంత్రమే అక్క గదికి వెళ్లాం. మంచం, బీరువా, కిటికీ దగ్గర మడతకుర్చీ. అక్క సన్నబడింది కానీ నవ్వు అదే. అవ్వ కూర్చోకుండానే మూట విప్పి చూపించింది. బావ లోపలికి తొంగిచూసి, ఎండు ఖర్జూరాలు చేతిలోకి తీసుకొని పడీ పడీ నవ్వాడు.

"అత్తా, ఖర్జూరాల దేశానికి ఖర్జూరాలు మోసుకొచ్చినవా? ఇక్కడ గల్లీ గల్లీకి ఇవే గదా!"

"అవి మీయి. ఇవి మాయి. తల్లిగారి సొమ్ము తల్లిగారింటి నుంచే రావాలె అల్లుడా," అంది అవ్వ.

అప్పుడే మందమర్రి నుంచి బావ వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. బొగ్గు గనుల కాలనీలో వాళ్ల క్వార్టరు. ఆమె మాటల్లో కోపం ఉండదు, మొహమాటమూ ఉండదు. అవ్వ సంబరంగా సంగతి చెప్పింది.

"వదినె, తప్పువట్టకు. ఆ అర్రకు కిరాయి గట్టేది నా కొడుకు. అంటే అది మా ఇల్లే గదా. మా ఇంట్ల మీరు ఒడి నింపుడేంది? తల్లిగారింట్ల నింపుకొని మా గడపలకు రావాలె గని."

అవ్వ ఫోన్ అక్కకిచ్చింది. అందులో కాదనడానికేమీ లేదు. మా నాయనమ్మ ఉంటే అదే మాట అనేది. అవ్వ మూటను మళ్లీ కట్టింది. అక్క, "పోనియ్యే అవ్వా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అంది కానీ, అవ్వ ముడి వేస్తున్నంతసేపూ ఆ మూటనే చూసింది.

ఆ తర్వాత రెండు రోజులు ఊరు చూశాం. అవ్వ కూడా మాతోపాటే తిరిగింది కానీ చూసిందని చెప్పలేను. ఎడారిలో ఇసుక దిబ్బల మీద కారు ఎగిరి పడుతుంటే జగిత్యాల పిల్లలు కేకలు పెట్టారు. బాపు డ్రైవరు భుజం తట్టి, "జర గేరు తగ్గియ్యి భయ్యా," అని సలహాలిచ్చాడు. అవ్వ కిటికీ పక్కన కళ్లు మూసుకొని కూర్చుంది. ఎత్తైన కట్టడం మీదికి లిఫ్టులో వెళ్తుంటే నా చెవులు గుయ్యిమన్నాయి. పైనుంచి చూస్తే రోడ్లు దారప్పోగుల్లా ఉన్నాయి, సముద్రం పలకలా ఉంది. నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తుంటే అవ్వ పక్కకొచ్చి అడిగింది.

"అక్కోళ్ల ఇల్లు ఏ దిక్కున్నది బిడ్డ?"

బంగారం బజారులో దుకాణం నిండా తలుపులంతేసి హారాలు వేలాడదీశారు. టీచరమ్మ ఒక్కొక్కదాని ముందు ఆగి ఫోటో దిగుతోంది. అవ్వ ఆ దుకాణం కుర్రవాణ్ణి పిలిచి తమలపాకులు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. నాకు సిగ్గేసి రెండడుగులు వెనక్కి జరిగాను. ఆ అబ్బాయి ఏమీ అనుకోలేదు. వాగు దాటాక గుడి సందులో పూల దుకాణాలున్నాయని చెప్పాడు. ఆ ఊళ్లో సముద్రం పాయను కూడా మేము వాగే అనుకున్నాం. అవ్వ పడవలో వాగు దాటి, తమలపాకులూ రెండు మూరల మల్లెపూలూ కొనుక్కొచ్చింది. గదికి రాగానే ఆకులను తడిగుడ్డలో చుట్టి చిన్న ఫ్రిజ్‌లో పెట్టింది.

"వాళ్లింట్ల ఒడిబియ్యం పొయ్యొద్దన్నరు గదా. ఇగ ఆకులెందుకే?" అన్నాడు బాపు.

"ఏమో. ఉండనియ్యి."

బాపు బూట్లు విప్పి మంచం మీద కూర్చున్నాడు. కాసేపు గది నాలుగు వైపులా చూశాడు.

"ఈ అర్రకు కిరాయి ఎవరు గట్టిండ్రు?"

"మనమే గడితిమి గదా," అంది అవ్వ.

"మరి ఎవరి ఇల్లాయె ఇది?"

అవ్వ తల ఎత్తింది. బాపు ఊరికే మాట్లాడుతున్నాడో, తమాషా చేస్తున్నాడో తెలియలేదు.

"పెద్దది పుట్టినప్పుడు మనం యాడున్నం? డిపో ఎనుక కిరాయింట్ల ఉన్నం. తొట్టెల యాడ గట్టినం? ఆ కిరాయింట్లనే. అది తల్లిగారిల్లు గాదా దానికి? నువ్వు నేను ఎక్కడుంటే గదే దాని తల్లిగారిల్లు."

అవ్వ లేచి తలుపు తెరిచి కిందికి చూసింది. గడప లేదు. కార్పెట్టుకు అడ్డంగా ఒక ఇత్తడి పట్టీ ఉంది. దాన్ని బొటనవేలితో తడిమింది.

"పసుపు రాస్తే పోతదా? హోటలోళ్లు లొల్లి వెట్టరు గదా?"

"ఇత్తడే గదా, నేను తుడుస్త తియ్యి," అన్నాడు బాపు.

మందమర్రికి ఫోన్ చేసి చెబితే అక్క వాళ్ల అత్తమ్మ గట్టిగా నవ్వింది. "గిట్ల మొదలే చెప్తే అయిపోవు గదా వదినె! నేను సుత ఫోన్‌ల చూస్త," అంది. అక్క మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "హోటల్లనా? నవ్వుతరే!" అంది. ఆ వెనుకే, "నాకు ఆదివారం సెలవున్నది," అని తనే చెప్పింది.

ఆదివారం పొద్దున పదింటికి టూరు బస్సు మాల్‌కు బయలుదేరాలి. ఆలోపే అంతా అయిపోవాలి. అవ్వ తెల్లవారుజామునే తలస్నానం చేసి, తన పాత చీర ఒకటి కార్పెట్టు మీద పరిచింది. పీట లేదు కాబట్టి దుప్పటి మడిచి వేసింది. బాపు కిటికీలోంచి ఎండ చూసి తూర్పు ఎటో తేల్చాడు. అంతా కుదిరాక అవ్వ కుంకుమ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ముత్తయిదువలు ఐదుగురు గావాలె. నేను పోను నలుగురు. బొట్టు వెట్టి పిలిచి రా."

మా వాడలో ఏ పేరంటానికైనా పిలిచి రమ్మంటే అవ్వ వెనక నిలబడి భరిణె పట్టుకోవడమే నాకు తెలుసు. ఈ టూరు వాళ్లతో మూడు రోజుల్లో నేను మాట్లాడింది లేదు. బస్సులో పుస్తకం తెరిచి కూర్చున్నాను, అంతే.

"నువ్వు పోరాదే అవ్వా?"

"ఇల్లు ఇడిసిపెట్టి నేనెట్ల పోత? ఇంట్ల పిల్లవు నువ్వున్నవు గదా."

తప్పలేదు. మొదటి తలుపు జగిత్యాల వాళ్లది. కొట్టి, ఎవరూ తీయకపోతే బాగుండునని అనుకుంటుండగానే పెద్ద తోడికోడలు తలుపు తీసింది. ఒక చేతిలో దువ్వెన ఉంది.

"మా అక్కకు ఒడిబియ్యం పోస్తున్నం. రావాలె," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏందీ?"

మళ్లీ చెప్పాను. ఆమె కళ్లు ఇంతింతయ్యాయి. "ఓ చెల్లే, ఇటురా! దుబాయ్‌ల ఒడిబియ్యమట!" అని లోపలికి కేకేసింది. బొట్టు పెట్టించుకుంటూ, "మూడు దినాల సంది మూగ పిల్లనుకున్నం గదనే నిన్ను," అంది. చిన్న తోడికోడలు వెనక నుంచి పడీ పడీ నవ్వింది. నాకు కూడా నవ్వొచ్చింది. టీచరమ్మ ఒడి నింపడానికి ఆనవాయితీ ఏమిటో, ఎన్ని దోసిళ్లు పోయాలో అన్నీ అడిగి తెలుసుకొని మరీ వచ్చింది.

ముగ్గురయ్యారు. మా టూరు గైడు భార్య కూడా మాతోనే వచ్చింది, ఆమెది చివరి గది అని జగిత్యాల అక్క చెప్పింది. చివరి గది ఎడమ చేతి వైపుదా, కుడి చేతి వైపుదా అని అడగడం మరిచిపోయాను. ఎడమ వైపు తలుపు కొట్టాను. తెలియని ఆమె ఎవరో తీసింది. మా అవ్వ వయసే ఉంటుంది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, మెడలో నల్లపూసలు. నేను అప్పటికే వేలు కుంకుమలో ముంచాను. వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆమె నా వేలు, నా మొహం మార్చి మార్చి చూస్తోంది.

ఆ గాజులు చూడగానే నాకు ఆదిలాబాద్ గుర్తొచ్చింది. మా అవ్వ తల్లిగారిది అక్కడ మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి ఊరు. ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మ దగ్గర ఉన్నప్పుడు ఇలాంటి గాజులే వేసుకునే పక్కింటి ఆడవాళ్లందరూ మరాఠీలోనే మాట్లాడేవాళ్లు. వాళ్లకూ ఈ ఆచారం ఉంది. దాన్ని ఓటీ నింపడం అంటారు.

"ఓటీ భరాయచీ ఆహే," అన్నాను. "మాఝ్యా బహిణీచీ." మా అక్కకు ఒడి నింపాలి అని.

ఆమె మొహం విచ్చుకుంది. "ఇథే?" అంది ఆశ్చర్యంగా. ఇక్కడేనా అని. నేను తలూపాను. ఆమె వంగి నుదురు ముందుకు పెట్టింది. బొట్టు పెట్టించుకున్నాక, "థాంబ్," అని నన్ను ఆగమని లోపలికి వెళ్లి, పట్టు చీర అంచు సర్దుకుంటూ ఒక రవికె గుడ్డ పట్టుకొని వచ్చింది. వాళ్లది చంద్రపూర్ అట. కొడుకు దగ్గరికి వచ్చారట, అతనిదీ ఒక్క గదేనట. కారిడారు పొడుగునా నా చెయ్యి పట్టుకొనే నడిచింది.

మేము వెళ్లేసరికి అక్క, బావ వచ్చి ఉన్నారు. ఇత్తడి పట్టీ మీద పసుపు, దాని మీద ఐదు కుంకుమ బొట్లు. గైడు భార్య బదులు నేను తీసుకొచ్చిన ఆమెను చూసి అవ్వ ఒక్క క్షణం తికమకపడి, మరుక్షణం మరాఠీలో మాట కలిపింది. ఇద్దరూ చేతులు పట్టుకొని ఊళ్ల పేర్లు చెప్పుకుంటుంటే ఫోన్‌లోంచి అత్తమ్మ కేకేసింది.

"వదినె! ముచ్చట్లు తర్వాత. పిల్ల కాళ్లకు పసుపు రాసిండ్రా?"

అక్క కొత్త చీర కట్టుకొని దుప్పటి మీద కూర్చుంది. మల్లెపూలు నేనే పెట్టాను. కొంగు పరిచి రెండు చేతులతో పట్టుకొమ్మన్నారు. అప్పటిదాకా అక్క నవ్వుతూనే ఉంది, బావ వైపు చూసి కళ్లెగరేస్తూ. అవ్వ ముందుకు వంగి దోసిలి నిండా బియ్యం కొంగులో పోసింది. అక్క నవ్వు ఆగిపోయింది. కొంగును గట్టిగా, వేళ్లు తెల్లబడేటంత గట్టిగా పట్టుకుంది. అవ్వ పోస్తూనే ఉంది. తమలపాకులు, కుడుకలు, పోకలు, కరీంనగర్ ఖర్జూరాలు. తర్వాత తక్కిన నలుగురూ పోశారు. చంద్రపూర్ ఆమె తన రవికె గుడ్డను కూడా అందులో పెట్టి, అక్క రెండు చెంపలూ నిమిరింది. జగిత్యాల అక్క పాటెత్తుకుంది. గది శుభ్రం చేసే అమ్మాయి తలుపు దగ్గర బండి ఆపి, చీపురు పట్టుకొని అలాగే నిలబడి చూసింది.

ఆచారం ప్రకారం అక్క తన ఒడిలోంచి కొన్ని పిడికిళ్లు తీసి అవ్వ కొంగులో తిరిగి వేసింది. "ఇంక కొంచెం వెయ్యి బిడ్డ," అంది అవ్వ. "అవ్వా, నాకుంచుకోనియ్యవా!" అంది అక్క. అందరూ నవ్వారు. అవ్వ కూడా.

ఒడి కట్టుకున్నాక దారిలో ఇంకెక్కడా ఆగకుండా ఇంటికే పోవాలని అత్తమ్మ ఫోన్‌లో మరీ మరీ చెప్పింది. నడుముకు బియ్యం మూటతో అక్క లిఫ్టు ఎక్కుతుంటే అవ్వ ఆ ఇత్తడి పట్టీ ఇవతలే నిలబడింది, మా ఇంటి వాకిట్లో నిలబడినట్టు. లిఫ్టు తలుపులు మూసుకున్నాక కూడా కాసేపు అక్కడే ఉంది. తర్వాత తడిబట్ట కోసం లోపలికి వెళ్లింది. వచ్చేసరికి బాపు అప్పటికే కూర్చొని పసుపు తుడుస్తున్నాడు.

బస్సు మా కోసం ఆగింది. జగిత్యాల వాళ్లు ఆపించారు. దారి పొడుగునా వాళ్లు నన్ను వదల్లేదు. ఏం చదువుతావు, ఆ పుస్తకంలో ఏముంటుంది, మరాఠీ ఎట్లా వచ్చు. పుస్తకం ఆ రోజు తెరవనేలేదు.

మాల్‌లో ఇల్లంత గాజు తొట్టిలో చేపలున్నాయి. మేమందరం ముందుకు వెళ్లిపోయి చూసుకుంటే అవ్వ లేదు. వెనక్కి వచ్చి చూస్తే ఆ గాజు ముందు తల పైకెత్తి నిలబడి ఉంది. నీలం వెలుగు మొహం మీద కదులుతోంది. పెద్ద చేప ఒకటి రెక్కలు ఊపుకుంటూ ఆమె మీదుగా వెళ్లింది. అవ్వ నా కొంగు పట్టి లాగింది.

"ఎంత పెద్దగున్నదే! ఎప్పుడు పోదమంటుండు మీ బాపు? జర ఆగుమను. ఆ ఎనుకదాన్ని సుత చూడాలె."