సీసాలో గోదావరి

రాజమండ్రి నుంచి మూడు రోజుల లాంచీ ప్రయాణానికి టిక్కెట్లు కొన్నది మా అక్క. రోజుకొక రేవులో దింపి ఊరూ గుడీ చూపిస్తారట. ఎనిమిది నెలల క్రితం ఆమె మోకాళ్లు రెండింటికీ ఆపరేషన్ అయింది. "బాగైతే గోదారిలో మూడు రేవుల్లో మునుగుతానని మొక్కుకున్నానురా," అంది. సరే అన్నాను గానీ, దిగనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. తను కాలు జారి పడుతుందన్న ఊహకే నాకు చెమటలు పడతాయి.

మొదటి రోజు పట్టిసీమలో ఆగాం. లాంచీ నుంచి ఒడ్డుకి ఒక చెక్కబల్ల వేశారు. "నువ్విక్కడే కూర్చో అక్కా," అన్నాను. డాక్టరు నడవమన్నారంది. డాక్టరు ఈ బల్ల చూడలేదన్నాను. గుడికెళ్లి దర్శనం చేసుకుని, ప్రసాదంతో పాటు సీసా నిండా గోదావరి నీళ్లు పట్టుకొచ్చాను. రాలేనివాళ్ల నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే స్నానం చేసినట్టేనని మా ఇళ్లలో నమ్మకం. ఆ నమ్మకంతోనే చల్లాను.

"గోదారి మీద కూర్చున్నదానికి గోదారి నీళ్లు సీసాలో తెచ్చావేంట్రా?" అంది అక్క. లాంచీ నడిపే సరంగు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఇంత శ్రద్ధగా తెస్తే ఇదా మర్యాద అని నాకు ఒళ్లు మండింది.

రెండో రోజు పాపికొండల దగ్గర రేవు. అక్క ఏమీ అడగలేదు, కిటికీ పక్కనే కూర్చుంది. దారికొచ్చిందని సంతోషించాను. ఒడ్డున బొంగు చికెన్ తిని, మళ్లీ సీసా నింపుకొచ్చాను. చల్లబోతే తల వంచింది. సాయంత్రం దాకా నీళ్లకేసే చూస్తూ ఉండిపోయింది. తప్పు చేస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది. భయం మాత్రం తగ్గలేదు.

మూడో రోజు తిరుగు ప్రయాణంలో నది మధ్య ఒక లంక దగ్గర ఆపారు. అదే ఆఖరి రేవు. బల్ల వేయగానే అక్క లేచింది.

"కాస్త చెయ్యివ్వండి బాబూ," అని సరంగుని అడిగింది. నన్ను అడగలేదు.

"నిదానంగా రండమ్మా," అంటూ అతను దింపాడు. సీసా పట్టుకుని వెనకే పరిగెత్తి, బల్ల మధ్యలో ఆగిపోయాను. కింద నీళ్లు కదులుతున్నాయి. నాకు ఈత రాదు. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని నీళ్లలోకి దిగింది కూడా అక్కే.

నడుం లోతులో నిలబడి అక్క మూడుసార్లు మునిగింది. పైకి లేచి నాకేసి చూసింది. నేను బల్ల పక్కన కట్టిన తాడు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"ఆ సీసా ఇలా పడెయ్యి," అంది.

పడేశాను. నింపుకుని, తడిచీరతో ఒక్కో అడుగూ వేస్తూ బల్లెక్కి నా దగ్గరికొచ్చింది. అరచేతిలో నీళ్లు పోసుకుని నా నెత్తిన చల్లింది.

"దిగలేనివాళ్లకి ఇది చాలు కదరా," అంది.