అమ్మవారి సొమ్ము పెరగాలి

ఏక్‌బాల్‌పూర్‌లో కలకత్తా ఓడరేవు డాకు గోడ వెనక సందుల్లో ఉండే శ్రీకాకుళం వాళ్లు అమ్మవారి సొమ్మును బ్యాంకులో వేయరు. ఏడాదికొక ఇంట్లో ఉంచుతారు. ఉంచడమంటే బీరువాలో పెట్టి తాళం వేయడం కాదు. ఆ ఇంటివాళ్లు దాన్ని సందుల్లోనే అవసరం ఉన్నవాళ్లకు వడ్డీకి తిప్పాలి. మళ్లీ పండగ వచ్చేసరికి, ఘటం లేచే ముందు రోజు సాయంత్రం, పసుపు కుంకుమలూ వేపమండలూ వేసిన చేటలో ఆ సొమ్మును పెట్టి అమ్మవారి ముందు దించాలి. తీసుకున్నదానికంటే ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువన్నదానికి నియమం లేదు. తగ్గకూడదు, ఉన్నంతే ఉండకూడదు. పెరిగినదానితో పండగ గడుస్తుంది. అసలు మాత్రం ఆపద కోసం. డాకులో ఎవరైనా పోతే శవాన్ని ఊరికి పంపేది ఆ డబ్బుతోనే.

పెంచలేకపోయిన ఇంటికి జరిమానా లేదు, వెలి లేదు. మర్నాడు ఆ గుమ్మం ముందు ఘటం ఆగదు, అంతే. ఘటం మోసే మనిషి ప్రతి గుమ్మం దగ్గరా నిలబడుతుంది, ఆ ఇల్లాలు పసుపునీళ్లతో ఆమె కాళ్లు కడుగుతుంది. ఆ ఒక్క ఇంటి ముందు మాత్రం డప్పు ఆగకుండా సాగిపోతుంది. ఒక ఇంగ్లీషు దినపత్రికలో పోర్టు వార్తలు రాయడానికి చేరినప్పటినుంచీ నేను ఆ పండగకు వెళుతున్నాను. అలాంటిది ఒకటుందని వినడమే కానీ జరగడం ఈ మధ్యదాకా చూడలేదు.

ఓడ నుంచి సరుకు ఎలా దిగుతుందో, ఎక్కడ ఎంత పోతుందో నాకు మొదట చెప్పినవాడు ఆ సందుల్లోని ఒక వించి డ్రైవరు, ఓడ మీద సరుకెత్తే యంత్రం నడిపేవాడు. వయసులో నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అనేవాణ్ణి. అతను పోయాక అతని భార్య డాకు గేటు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుంది. నాకు వదిన. ఉద్యోగం నుంచి రిటైరై న్యూ టౌన్‌లో ఉంటున్న నేను ఆదివారాల్లో రెండు బస్సులు మారి ఆ బండి దగ్గరికి వెళ్తాను. ఇడ్లీ కోసమని మా ఇంట్లో చెబుతాను.

ఒక ఏడాది అమ్మవారి సొమ్ము వదిన ఇంటికి వచ్చింది. పండగైన కొన్నాళ్లకే ఒక ఆదివారం ఆమె మొహం వాడిపోయి ఉంది.

"పేపరు బావూ, అప్పు కావాలేటి?" అంది, చట్నీ వేస్తూ.

"నాకెందుకు వదినా?"

"నీకూ వద్దా! ఇల్లిల్లూ తిరిగాను, సీరలమ్మీదాన్లాగ. ఒక్కరూ పుచ్చుకోలేదు. మా ఎదురింటాయన ఏటన్నాడో తెల్సా? 'అక్కా, సెల్లు నొక్కితే అప్పు పడతంది. నీ దగ్గర పుచ్చుకుంటే రోజూ నీ ఇడ్లీ కూడా తినాల' అన్నాడు."

బండి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ సంగతి నవ్వేది కాదు. వెనకటికి జీతాలకు ముందు వారం డాకు మనుషులకు చేబదులు లేకుండా గడిచేది కాదు. ఇప్పుడు కంటెయినర్లొచ్చి మనుషుల పని తగ్గింది. ఉన్నవాళ్లకు ఫోన్లో అప్పులున్నాయి, ఆడవాళ్లకు వారం వారం వసూలు చేసే గ్రూపు అప్పులున్నాయి. అమ్మవారి సొమ్ముకు పని లేకుండా పోయింది. అంతకుముందు ఏడాది ఉంచిన కుటుంబం తమ చేతి డబ్బు కలిపి, పెరిగిందని చేటలో పెట్టారు. అది అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు.

వదినకు కలపడానికి చేతి డబ్బు లేదు. ఉన్నది ఒక కూతురు. న్యూ టౌన్‌లో ఐటీ కంపెనీలో పని చేస్తుంది. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది గాని, చదవాలంటే కూడబలుక్కోవాలి. ఆ అమ్మాయి తల్లికి దారి చూపించింది. ఒక క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఉంది. డాలరు ఎంత ఉంటే అంతే విలువ ఉండే ఒక నాణెం కొని అందులో ఉంచితే, నెల నెలా వడ్డీ కలుస్తుంది. ఎక్కుతూ దిగుతూ ఉండే నాణేల జోలికి వెళ్లక్కర్లేదు. ఆ అమ్మాయి తన జీతంలో మిగిలింది అందులోనే వేస్తోంది.

"మానే, అమ్మా, నువ్వు ఎవరింటికీ వెళ్లక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. అదే పెరుగుతుంది" అందట. మానే అన్నది ఆ అమ్మాయికి బెంగాలీ ఊతపదం, 'అంటే' అని.

"అదే పెరుగుతుంది" అన్న మాట వదినకు నచ్చింది. అయినా తొందరపడలేదు. మొదట కొంచెం వేయించింది. నెల తిరిగాక వెనక్కి తీయించి, నోట్లుగా చేతిలో పట్టుకుని చూసింది. వడ్డీతో సహా వచ్చింది. అప్పుడు మొత్తం వేసింది. ఈ సంగతులన్నీ ఆమె నాకు చెప్పింది తర్వాత, డబ్బు పోయాక.

ఆ ఎక్స్ఛేంజ్ చెల్లింపులు ఆపేసిన వార్త నేను పేపర్లో చదివాను. హ్యాకర్లు ఒక ఖజానా కొల్లగొట్టారనీ, భద్రత కోసం డబ్బు తీసుకోవడాలు తాత్కాలికంగా ఆపామనీ కంపెనీ ప్రకటన. తాత్కాలికంగా అన్న మాట చూడగానే అది తాత్కాలికం కాదని నా అనుభవం చెప్పింది, కానీ అది నాకు తెలిసినవాళ్ల వ్యవహారం అనుకోలేదు. పేజీ తిప్పేశాను.

తర్వాతి ఆదివారం వదిన నన్ను బండి వెనక్కి పిలిచి ఫోను చూపించింది.

"ఇక్కడ అంకె ఉంది సూడు. నిన్నటికంటే పెరిగింది కూడా. మరి తియ్యనివ్వడేటి?"

నిజమే. వడ్డీ రోజూ కలుస్తూనే ఉంది. తీసుకునే చోట మాత్రం నొక్కితే ఏమీ జరగదు.

"మీ పేపర్లో రాయి బావూ. రాస్తే భయపడి ఇస్తారు."

"అన్ని పేపర్లలోనూ వచ్చింది వదినా."

"వొచ్చి కూడా ఇవ్వలేదేటి?" అంది. పేపరు మీద ఆమెకున్న గౌరవం కొంత తగ్గినట్టు ఆ గొంతులో వినిపించింది.

అమ్మాయినీ తీసుకుని ముగ్గురం పోలీసు ఠాణాకు వెళ్లాం. ఫిర్యాదు రాసుకున్న సబిన్‌స్పెక్టరు మర్యాదస్తుడు. అమ్మాయి చెప్పిందంతా విన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, "దాదా, మా బావమరిదిది కూడా అందులోనే ఉంది. వాడు ఇంట్లో ఇంకా చెప్పలేదు" అని నాతో బెంగాలీలో అన్నాడు. బయటికొచ్చాక వదినకు ఆ మాట తెలుగులో చెప్పాను. "పాపం" అంది, మనస్ఫూర్తిగా.

కొన్ని నెలలు గడిచాక కంపెనీ కోర్టుకు ఒక పథకం ఇచ్చింది. వచ్చిన నష్టాన్ని ఖాతాదారులందరికీ పంచుతారు. దొంగతనానికి గురికాని నాణేలు ఉన్నవాళ్లు కూడా తమ వాటా భరించాలి. మిగిలింది ఎప్పుడో, విడతలుగా. అమ్మాయి ఇంగ్లీషులో చదివి, తెలుగు తోచక సగం హిందీలో తల్లికి చెబుతోంది. నేను పక్కనే ఉన్నాను.

"ఆగాగు. దొంగలు పడింది ఆళ్లింట్లో. పంపకం మనింట్లోనా?"

"అమ్మా, అలాగే రాశారు."

"మరి లాభమొచ్చినప్పుడు పంచారేటి మనకి?"

అమ్మాయి ఏడ్చింది. తన డబ్బు కూడా అందులో ఉందని ఏడవలేదు. "నేనే చెప్పాను కదా" అని ఏడ్చింది. వదిన ఆమె వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు సెప్పావు. ఎట్టింది నేను" అంది. ఆ మాట మరో రకంగా మార్చి ఎవరి దగ్గరా చెప్పలేదు ఆమె, తర్వాత కూడా.

పండగ దగ్గరపడుతున్నకొద్దీ నేను ఆమెను ఒకటే అడిగేవాణ్ణి. ముందుగా పెద్దాయనకు చెప్పరాదా? పెద్దాయనంటే ఆ సందులకు పెద్ద, రిటైరైన డాకు మేస్త్రీ. ఒకప్పుడు ఆయన చెయ్యెత్తితే క్రేను ఆగేది. వదినకు మావ వరస. ఆమె ఒప్పుకోలేదు. "ముందు సెప్తే ఆ ముసిలోడు ఎక్కడో అప్పు తెచ్చి సేటలో పడేస్తాడు. నిరుడు ఆళ్లు సేతి డబ్బు కలిపీసి పెరిగిందన్నారు. మళ్లీ అలగే అయితే వొచ్చే ఏడు ఎత్తుకున్నోడి గతేటి?"

ఘటం లేచే ముందు రోజు సాయంత్రం గుడి ముందు మగాళ్లూ ఆడాళ్లూ గుమిగూడారు. గుడంటే డాకు గోడకు ఆనించి కట్టిన చిన్న గది. పెద్దాయన మెట్టు మీద కూర్చున్నాడు. వదిన చేట తెచ్చి దించింది. పసుపు, కుంకుమ, వేపమండలు, వాటి మధ్య ఫోను.

"కోడలా, సొమ్మేదే?"

"ఇదే మావా."

"ఇది సెల్లు."

"దీంట్లో ఉంది. పెరిగింది కూడా. సూడు."

"బొట్టెట్టండి మరి దానికి!" అని వెనకనుంచి ఎవరో కుర్రాడు అన్నాడు. నవ్వులు లేచాయి. పెద్దాయన అటు తిరిగేసరికి ఆగాయి.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫోను దగ్గరగా పట్టుకుని చూశాడు. "అంకె పెద్దదే. పట్టుకోడానికి వస్తాదేటి?"

"రాదు మావా. తియ్యనీకుండా ఆపీసారు."

"మరిది ఉన్నట్టా, లేనట్టా?"

వదిన నావైపు చూసింది. అందరూ నావైపు చూశారు. కోర్టు ఉందని ఇంకా చెప్పలేదనీ, కంపెనీ లేదని ఇంకా ఒప్పుకోలేదనీ చెప్పాను.

"నువ్వు పేపర్లో కూడా ఇలగే రాసీవాడివేటి బావూ?" అన్నాడు పెద్దాయన. ఈసారి నవ్వులు రాలేదు.

వదిన అప్పుడు ఏమి పెట్టిందో, ఎందుకు పెట్టిందో, ఎలా పోయిందో మొత్తం చెప్పింది. కూతురి పేరెత్తలేదు. చివర్న, "ఒక్క మాటడుగుతాను మావా. పెరగాలని ఎవులన్నారు?" అంది.

"మా తాతల కాలం నుంచీ ఉంది."

"అప్పుడు పుచ్చుకునీవోళ్లు ఉన్నారు. ఇప్పుడెవులున్నారు? నిరుడు ఎలగ పెరిగిందో నీకు తెల్దా, వీళ్లకి తెల్దా? ఉన్నంత ఉంటే సాలని ఒక్క మాట మీరనుంటే నేను బీరువాలో ఎట్టీసి తాళమేసీదాన్ని."

నిరుటి కుటుంబం వాళ్లు నేల చూస్తున్నారు.  పెద్దాయన చేతిలో ఫోను తెర ఆరిపోయింది.

"నువ్వన్నది అబద్ధం కాదు కోడలా. కానీ రేపు ఈ సందులో ఎవులైనా పోతే, పీనుగుని ఈ సెల్లుతో ఊరికి పంపగలమేటి?"

  వదిన భర్త శవం ఊరికి వెళ్లింది ఆ సొమ్ముతోనే.

పెద్దాయన ఫోను తుడిచి ఆమె చేతికిచ్చాడు. పసుపు కుంకుమల చేటను లోపలికి పంపాడు. "రేపు నీ గుమ్మం కాడ ఆపలేనే. ఆపితే ఇంకెవులికీ భయముండదు."

"ఆపమని నేనడగలేదు కదేటి" అంది వదిన, మెల్లగా.

తర్వాత ఇంటింటికీ కొంత వేసుకుని మళ్లీ అసలు కూడగట్టాలని తీర్మానం చేశారు. వదిన కూడా తన వంతు వేస్తానంది. ఎవరింట్లో ఉంచాలని పెద్దాయన అడిగితే ఒక్కరూ చెయ్యెత్తలేదు. ఆయన అందర్నీ ఒకసారి చూసి, "అయితే నా ఇంట్లోనే ఉంటాది. బీరువాలో ఎడతాను. పెంచను. ఇష్టముంటే ఉండండి, లేపోతే మానీండి" అన్నాడు. ఎవరూ కాదనలేదు. వదిన అడిగింది అదే. ఆమె మీద శిక్ష మాత్రం అలాగే ఉంది. ఆ రెండూ ఒకే సాయంత్రం ఎలా కుదిరాయని నేను చాలాసార్లు ఆలోచించాను. అక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరికీ అందులో తేడా కనిపించినట్టు లేదు, వదినకు కూడా.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. వదిన అప్పటికే వాకిలి కడిగి ముగ్గు వేసింది. బిందెలో పసుపునీళ్లు కలుపుతుంటే కూతురు లోపలినుంచి, "ఆగదని చెప్పారు కదా, ఎందుకు అమ్మా?" అంది. వదిన కలపడం మానలేదు. అమ్మాయి గుమ్మం దాటి బయటికి రాలేదు. ఆఫీసుకు సెలవు పెట్టింది కానీ, ఆ సందులో ఎవరి మొహమూ చూడలేక తలుపు రెక్క వెనక నిలబడింది.

డప్పులు దగ్గరపడ్డాయి. ఘటం మోస్తున్నది వదినకు బాగా తెలిసిన పిల్లే, రోజూ బండి దగ్గర ఇడ్లీ పొట్లం కట్టించుకెళ్లేది. పక్కింటి ముందు ఆగింది. కాళ్లు కడిగారు, హారతిచ్చారు. మళ్లీ కదిలింది. వదిన బిందె ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఆ పిల్ల అడుగు ఒకసారి తడబడింది. డప్పువాళ్లు కొంచెం గట్టిగా వాయించారు. పెద్దాయన ముందుకే చూస్తూ నడిచాడు. ఘటం వెళ్లిపోయింది. వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక పిల్లలు, ఇదేం పూజ అని అడుగుతూ వచ్చిన ఇద్దరు బెంగాలీ ఆడవాళ్లు. ఎవరూ వదినను ఏమీ అనలేదు. అందరూ చూశారు.

ఆమె ఆ నీళ్లు గుమ్మం మీదే పోసింది. మెట్టు మీద నుంచి పసుపు సందులోకి పారింది. ఖాళీ బిందె లోపల పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, చెప్పులు విడిచి సందులోకి దిగింది. ఊరేగింపు చివరి మనుషులు అప్పటికి మలుపు దగ్గరున్నారు. వాళ్లు గంగ ఒడ్డుదాకా వెళతారు.

అమ్మాయి తలుపు వెనకనుంచి నన్ను అడిగింది. "అంకుల్, మానే, నేను కూడా వెళ్లాలా? వాళ్లు ఏమైనా అంటే?"

నేను నోరు తెరిచేలోపే వదిన వెనక్కి తిరిగింది.

"తాళమెయ్యి. రా."