గరాటా దుప్పటి

ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య, ఈ ఎండల్లో ఊలు అల్లే మగవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకెవరైనా ఉంటే వాళ్ళకి కాస్త సిగ్గుండి బయటపడటం లేదు. ఏడో తరగతిలో నేను బడి మానేస్తే బడి నన్ను వెతుక్కుంటూ రాలేదు. ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది. ఇప్పుడు గూడెంలో ఒక వేబ్రిడ్జి దగ్గర కూర్చుని ధాన్యం లారీలు తూస్తాను. లారీకీ లారీకీ మధ్య ఖాళీలో మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుని కళ్ళు పోగొట్టుకుంటారు. నేను ఊలు అల్లుకుని పరువు పోగొట్టుకుంటాను.

నేర్పింది మా ఆవిడ. వాళ్ళ పుట్టింటివైపు ఆడవాళ్ళు లేసు అల్లుతారు. ఆ కొక్కెం సూది నా లావు వేళ్ళకి లొంగకపోతే, పోనీలే పాపం అని రెండు సూదులతో ఊలు అల్లడం చూపించింది. సిగరెట్లు మానడానికి పనికొస్తుందని ఆవిడ ఆశ. మానేశాను కూడా. ఇప్పుడు ఊలు కొట్టువాడు బాగుపడుతున్నాడు.

అసలు సంగతి మా అక్కది. కొల్లేటి పక్కన చేపల చెరువుల మధ్య ఉంటుంది. కిడ్నీలు మొరాయించాక వారానికి రెండుసార్లు ఏలూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటోంది. ఆ హాల్లో ఏసీ పెట్టేది మెషీన్ల సుఖం కోసం, మనుషుల కోసం కాదు. ఒంట్లో రక్తమంతా గొట్టాల్లో ఊరేగి వస్తుంటే అక్క పళ్ళు టకటకలాడతాయి. ఆసుపత్రివాళ్ళిచ్చే దుప్పటిలోంచి అవతలి గోడ మీద గడియారం చూసి టైము చెప్పొచ్చు. "ఒరేయ్, నాకు చలికి భయమేస్తోందిరా, సూదికి కాదు" అంది ఓసారి. మా అక్క నోట భయమన్న మాట నేను వినడం అదే మొదలు. మందపాటి ఊలు దుప్పటి అల్లి ఇస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాను.

చలికాలంలో మొదలుపెట్టాను. ఎర్ర ఊలు. మొదట్లో పని జోరుగా సాగింది. జానెడు అయ్యేసరికి తెలిసింది, దుప్పటనేది ఎంత అల్లినా అలాగే ఉంటుందని. నిన్న ఎరుపు, ఇవాళ ఎరుపు, రేపు కూడా ఎరుపే. చివరికి కంచంలో ఆవకాయ చూసినా వేళ్ళు లాగడం మొదలుపెట్టాయి.

"ఏవండీ, మా అమ్మావాళ్ళు టేబుల్ గుడ్డ లాంటి పెద్ద పని ఒప్పుకుంటే, పక్కన చిన్న పువ్వొకటి పెట్టుకునేవారు" అంది మా ఆవిడ. "పెద్దది మొహం మొత్తితే చిన్నది పూర్తిచేసుకుని, ఆ హుషారులో మళ్ళీ పెద్దదాని మీద కూర్చునేవారు."

ఈ సలహాలో మొదటి సగం నాకు భలే నచ్చింది. రెండో సగం వినపడనట్టు ఊరుకున్నాను.

ఫోన్ సంచులు అల్లాను. లారీల గేరు రాడ్డులకి టోపీలు అల్లాను. చిన్న పనిలో మజా ఏమిటంటే, పొద్దున మొదలెడితే సాయంత్రానికి పొగడ్త వచ్చేస్తుంది. శంకుస్థాపనలకి పరిగెత్తే పెద్దమనుషుల్ని అంతకుముందు తెగ వెక్కిరించేవాణ్ణి. ఆ కొబ్బరికాయ కొట్టడంలో ఎంత రుచుందో అప్పుడు తెలిసింది. వంతెన ఎవడు కడతాడండీ, విసుగు!

ఓ రోజు అక్కావాళ్ళ ఊరి ఆటో ఆయన ధాన్యం బస్తాలు తూయించుకోవడానికి వచ్చాడు. మధ్యాహ్నం ఎండకి హ్యాండిల్ కాలిపోతోందన్నాడు. మనసు కరిగి రెండు తొడుగులు అల్లిచ్చాను. అప్పటికి చేతిలో ఉన్నది ఎర్ర ఊలే.

ఆ మరుసటి వారం అక్క ఏలూరు వెళ్ళింది ఆ ఆటోలోనే. దారిలోంచే ఫోను.

"ఏరా, నా దుప్పటి ఎంతవరకూ వచ్చింది?"

"వస్తోందక్కా, మోకాళ్ళ దాకా వచ్చింది."

"నా మోకాళ్ళ సంగతేమోగానీ ఆటో మోచేతుల దాకా వచ్చిందిరా. నా కళ్ళ ముందే ఎర్రగా ఉంది. దీనికి డయాలసిస్ ఎప్పట్నుంచి?"

ఫోను పెట్టేసింది. కాటా మీద లారీ నిలబడి హారన్ కొడుతోంది. నాకు మాత్రం అక్క పళ్ళ చప్పుడే వినపడింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఎర్ర ఊలు ఉండలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పట్నుంచి కాటా దగ్గర మిగిలిపోయిన రంగుదారాలతో చిన్న పని. ఇంటికొచ్చి టీ తాగాక, ఆవిడ తాళం తీస్తే దుప్పటి. నిజం చెప్పొద్దూ, అలా కుదిరాక రెండూ సాగాయి. కాటా దగ్గర ఓ సంచి ముగించి వస్తే, సాయంత్రం ఎరుపు మీద అంత పగ ఉండేది కాదు.

కానీ ఈలోగా ఎండాకాలం వచ్చేసింది. కరెంటు పోయిన ఇంట్లో ఒళ్ళో ఊలు దుప్పటి వేసుకుని కూర్చున్న మనిషిని ఊహించుకోండి. చెమట చేతికి ఊలు జారదు, సూదికి అతుక్కుంటుంది. లాగి లాగి బిగించేవాణ్ణి. చలికాలంలో వదులుగా, విశాలంగా మొదలైన దుప్పటి ఎండలు ముదిరేకొద్దీ ఇరుకైపోతూ వచ్చింది. పూర్తయ్యాక నేల మీద పరిచాం. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసింది.

"ఏవండీ, ఇది దుప్పటా, గరాటానా?"

"విప్పి మళ్ళీ అల్లనా?"

"విప్పితే మళ్ళీ చలికాలం వస్తుంది. మీ అక్కగారికి రేపే డయాలసిస్."

మర్నాడు ఏలూరు పట్టుకెళ్ళాను. నర్సు రెండు నిమిషాలే అని లోపలికి పంపింది. అక్క పళ్ళు అప్పటికే మోగుతున్నాయి. వెడల్పు వైపు కాళ్ళకి వచ్చేలా కప్పాను. ఇరుకు వైపు ఛాతీ దాకా వచ్చి, గొట్టాలున్న ఎడమ చేతి పక్కన ఆగిపోయింది.

"బాగుందండీ" అంది నర్సు. "ఆ చేయి ఎప్పుడూ మాకు కనపడుతూ ఉండాలి. మామూలు దుప్పట్లయితే జరిగి కప్పేస్తాయి."

ఇంతకంటే మంచి సందు నాకు జన్మలో దొరకదు. ఛాతీ విరుచుకున్నాను.

"విన్నావా అక్కా? అందుకే కావాలని అలా అల్లాను. కొలతలు తీసుకుని, ఆలోచించి."

కాసేపటికి అక్క పళ్ళ చప్పుడు ఆగింది. కుడిచేత్తో దుప్పటి తడుముకుంటూ పొట్ట దగ్గర ఆగి, నేను ఎప్పుడు వదిలేశానో నాకే తెలియని ఓ కుట్టు సందులోంచి వేలు పైకి పెట్టి, నా వైపు ఆడించింది.

"మరి ఈ కన్నం దేనికిరా? నేనున్నానో పోయానో తొంగి చూసుకోడానికా?"