రెండో చీటీ

మా వీధి చివర టిఫిన్ హోటల్లో ఈమధ్య పెసరట్టు ఉప్మా అడిగితే, అట్టు ఒక పక్కన, ఉప్మా ఇంకో పక్కన, వాటాలు పంచుకున్న అన్నదమ్ముల్లా విడివిడిగా పెట్టి ఇస్తున్నారు. ఉప్మా అట్టు లోపల ఉండాలి, అట్టు దాని మీదికి మడత పడాలి. లేకపోతే అవి రెండు టిఫిన్లు. ఆ మాటే కౌంటరులో కూర్చున్నాయనతో అంటే, ఈ రోజుల్లో ఎవరికి కావలసినంత వాళ్ళే కలుపుకుంటున్నారండీ మేడమ్ గారూ, అదో సదుపాయం, అన్నాడు. నాకా సదుపాయం అక్కర్లేదని చెప్పి, ఉప్మా ముట్టుకోకుండా ఇంటికి వచ్చేశాను. అరవై దాటిన మనిషి ఉప్మా మీద అంత కోపం తెచ్చుకోవడం బాగుండదని నాకూ తెలుసు. అయితే ఆ కోపం ఉప్మాది కాదు. అంతకు ముందు ఆదివారం సామర్లకోటలో మా అన్నయ్య ఇంట్లో పుట్టి, నాతో పాటే రైలెక్కి రాజమండ్రి వచ్చి, దిగడానికి ఎక్కడా చోటు దొరక్క తిరుగుతున్నది.

మన తరంవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు మన గోదావరి జిల్లాల కాలేజీల్లో స్టాఫ్ రూముకి ఒకరైనా ఇథియోపియా వెళ్ళివచ్చినవారో, వెళ్ళబోతున్నవారో ఉండేవారు. నాకు ముప్పై రెండేళ్ళప్పుడు, పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు కూడా అలసిపోయి మానేసిన రోజుల్లో, మా కాలేజీ బోటనీ మేడమ్ గారూ నేనూ కలిసి అక్కడికి దరఖాస్తు పెట్టాం, ఢిల్లీలో ఇంటర్వ్యూకి కలిసి వెళ్ళాం, ఒకే వారంలో ఇద్దరికీ ఉత్తరాలు వచ్చాయి. నేను చెప్పాల్సింది ఫిజిక్సు. అక్కడ ఏళ్ళ తరబడి యుద్ధం నడిచి, పాతవాణ్ణి తరిమేసి కొత్తవాళ్ళు కుర్చీలెక్కి ఎంతో కాలం కాలేదు, ఆ కుర్చీలు ఇంకా కుదురుకోలేదు. అంతవరకూ పేపర్లో వారఫలాలు తప్ప చదవని మా అన్నయ్య ఉన్నట్టుండి విదేశీ వార్తల మీద పడ్డాడు. ఆఫ్రికాలో ఎక్కడ తుపాకీ పేలినా, ఆ దేశం నేను వెళ్ళే దేశానికి రెండు వేల మైళ్ళ దూరంలో ఉన్నా సరే, కత్తిరించి అమ్మకి చదివి వినిపించేవాడు. అమ్మ విని, నాకు ఇంకో గరిటె అన్నం ఎక్కువ వడ్డించేది.

నేను మాత్రం వెళ్దామనే అనుకున్నాను. ఆ సంగతి నాకు బాగా గుర్తు, ఇన్నేళ్ళుగా అందరికీ అలాగే చెబుతూ వస్తున్నాను కూడా. మెయిన్ రోడ్డులో సూట్‌కేసు కొన్నాను, అక్కడ ఎత్తు ప్రదేశమనీ చలనీ తెలుసుకుని ముదురు ఎరుపు స్వెట్టరొకటి కొన్నాను. ఆఫ్రికాలో చలేమిటని అమ్మ నవ్వింది. రాజమండ్రిలో స్వెట్టరుకి ఎంత పని ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో ఎటూ తేలని సంగతి ఏదైనా వస్తే, అందరం అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకుని, ఇంటికి తెచ్చిన ప్రసాదం పళ్ళెంలో రెండు చీటీలు వేసి స్వామి పటం ముందు పెట్టడం ఆనవాయితీ. వెళ్ళమని ఒకదాంట్లో, వద్దని ఒకదాంట్లో రాయాలి. నాన్న పోయాక రాయడం అన్నయ్య వంతు, కళ్ళు మూసుకుని తీయడం అమ్మ వంతు. చేతికి వచ్చిన చీటీనే విప్పాలి, రెండోదాన్ని విప్పితే స్వామిని అనుమానించినట్టు, అందుకని దాన్ని పారే నీళ్ళలో వదిలేయాలి. మెట్ట పొలం కొనడం, గేదెను అమ్మడం, మా అక్క సంబంధం, అన్నీ ఇలాగే తేలాయి. తెలుగు అక్షరం వచ్చిన ప్రతివాడికీ ఇందులో ఉన్న సందు కనిపించాలి; న్యూటన్ సూత్రాలు చెప్పి జీతం తీసుకునే నాకు కనిపించలేదు.

అమ్మ తీసింది. వద్దు అని వచ్చింది. అన్నయ్య చీటీని కళ్ళకద్దుకున్నాడు, వదిన ప్రసాదం పంచింది, నేను రెండు సార్లు పెట్టించుకుని తిన్నాను. మర్నాడు పొద్దున్న సామర్లకోట స్టేషనుకి నడుస్తూ, అమ్మ నా చేతికిచ్చిన రెండో చీటీని వంతెన మీంచి కాలువలో వదిలేశాను. ప్రసాదం నెయ్యి అంటి అది మునగలేదు. కాస్త దూరం తేలుతూ పోయింది.

బోటనీ మేడమ్ గారు వెళ్ళారు. ఆవిడ ఇంట్లో చీటీలు వేసే అలవాటు లేదు. పొరుగు దేశంతో యుద్ధం వచ్చినప్పుడు రాసిన ఉత్తరంలో, రాత్రంతా చప్పుళ్ళు వినబడ్డాయనీ, కాళ్ళు వణికాయనీ, పొద్దున్న క్లాసుకి ఎవరూ రారనుకుంటూ వెళితే పిల్లలు తనకంటే ముందే వచ్చి కూర్చున్నారనీ రాశారు. చివరికి ఒక సంచీతో తిరిగివచ్చారు, సామానంతా అక్కడే పోయింది. పాపం అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆ ఉత్తరాన్ని మాత్రం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నేనా, ఒక రెక్క వంగిన ఫ్యాను కింద, అదే గదిలో, అదే ఓమ్ నియమాన్ని ఇరవై ఆరేళ్ళు చెప్పి రిటైరయ్యాను. నా కాళ్ళు ఎప్పుడూ వణకలేదు. స్వామి వద్దన్నాడు కదా అని సరిపెట్టుకున్నాను. స్వామి మీద కోపం తెచ్చుకోవడం కష్టం, ఆయన ఎదురు చెప్పడు.

ఇప్పుడు అన్నయ్య కూతురికి ఇరాక్ ఉత్తరాన, కుర్దులుండే చోట ఒక యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. ఇంగ్లీషు చెప్పాలి. వారం రోజుల్లో ఏ సంగతీ చెప్పకపోతే అది ఇంకొకరికి పోతుంది. అన్నయ్య ఫోను చేసి, అన్నవరం వెళ్ళొచ్చాం, అమ్మ లేదు కాబట్టి చీటీ నువ్వే తీయాలి, రా, అన్నాడు. నేను స్వెట్టరు సంచీలో పెట్టుకుని వెళ్ళాను. కళ్ళు మూసుకుని తీశాను. వద్దు అని వచ్చింది.

అన్నయ్య దణ్ణం పెట్టాడు. పిల్ల చెయ్యి చాచి, అరటిపండు తీసుకున్నంత మామూలుగా, రెండో చీటీ తీసి విప్పింది. చూసి, మా అందరి వైపూ తిప్పింది. అదీ వద్దే.

"ఏంటి నాన్నా ఇది? స్వామికి ఆప్షన్ ఇవ్వవా?"

"తండ్రినే! నేను కాక నీ మంచి ఎవరు చూస్తారు?" అన్నాడు అన్నయ్య, గొంతులో ఏ తడబాటూ లేకుండా. తర్వాత నా వైపు తిరిగి, నేను మెచ్చుకోవాలన్నట్టు, "మీ అత్తయ్యకీ అలాగే రాశాను. ఏమైందిప్పుడు? నిక్షేపంగా ఉంది. పెన్షన్ కూడా వస్తోంది" అన్నాడు.

నేను అన్నయ్య మీద ఎప్పుడూ గొంతెత్తలేదు. ఆ రోజు ఎత్తాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు కానీ, వదిన లేచి వీధి తలుపు వేసిందని గుర్తుంది. వెళ్ళొద్దని నా ముఖం మీద చెప్పుంటే ఏడ్చేదాన్నో, పోట్లాడేదాన్నో, వెళ్ళి చచ్చేదాన్నో, ఏదైనా నాదై ఉండేదని అన్నాను. డెబ్బై నాలుగేళ్ళవాడు, ప్రసాదం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, నీ మంచికేనే చెల్లాయ్, అని మాత్రం అన్నాడు. నిజంగానే అన్నాడు. దానితో ఇంకా మండింది.

కాలం మారిందని అందరూ అంటారు. అప్పుడు ఉత్తరం రావడానికి నెల పట్టేది, ఇప్పుడు పిల్ల ఫోనులో ఆ ఊరి వీధులు నడిచి చూసేసింది. అమ్మ లేదు, మెట్ట పొలం లేదు, బోటనీ మేడమ్ గారూ లేరు. అన్నయ్య దస్తూరీ ఒక్కటే అలాగే ఉంది, ఆ వద్దులో వత్తు కూడా. ఒకే ఒక చీటీ నన్ను ముప్పై ఏళ్ళు ఇక్కడే కూర్చోబెట్టింది.

సాయంత్రం పిల్ల నన్ను స్టేషనుకి నడిపించింది. వస్తానని యూనివర్సిటీవాళ్ళకి మధ్యాహ్నమే మెయిల్ పెట్టేసిందట. నేనిచ్చిన స్వెట్టరు చేతి మీద వేసుకుంది. కాలువ వంతెన మీద ఆగి, ఆ రోజు రెండో చీటీని నేను ఎక్కడ వదిలానో చూపించాను, నెయ్యి అంటి అది ఎలా తేలిందో చెప్పాను, మీ నాన్న నన్ను ఎంత మోసం చేశాడో చూడు అన్నాను. పిల్ల నీళ్ళ వైపు చూసి, నా వైపు చూసి, స్వెట్టరు రెండో చేతికి మార్చుకుంది.

"ఇంటి నుంచి ఇక్కడిదాకా అది నీ చేతిలోనే ఉందిగా అత్తయ్యా. నువ్వెందుకు విప్పలేదు?"