పిట్టగోడ తుడిచే తువ్వాలు

విశాఖ పాత ఊళ్లో మేం అద్దెకున్న ఇంటి యజమానిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా ఆయన ముందు డాబా ఎక్కించేవాడు. వాళ్లకంటే ముందే గబగబా పైకి చేరి, రేవు నుంచి ఎగిరొచ్చి పిట్టగోడ మీద పేరుకున్న బొగ్గుధూళిని తువ్వాలుతో తుడిచి, నల్లబడిన వైపు లోపలికి మడిచి భుజాన వేసుకునేవాడు. తర్వాత చేయి చాపి ఓడలనూ, కొండనూ, సముద్రాన్నీ చూపించేవాడు.

"ఇలాటి గాలి ఇంకెక్కడైనా ఉంటాదేటి బాబూ?"

నన్నూ అలాగే పడేశాడు. సాయంత్రం ఓడల దీపాలు వెలిగితే ఆ ఊరు నిజంగానే ముద్దొచ్చేది. కానీ మా ఆవిడ తెల్లబట్టలు గదిలోనే ఆరేసుకునేది. మా పాపకు దగ్గు తగ్గేది కాదు. ఆ మాట చెబితే ఆయనకు కోపం.

"పాపకి ఐసులు మానిపించు. మద్దెలో ఊరినంటావేటి?"

చివరికి ఇల్లు ఖాళీ చేశాం. సామాన్లు ఎక్కిస్తున్న రోజునే, నెలలు నిండిన ఆయన కూతుర్ని ఆనందపురంలో మేనమామ ఇంటికి పంపిస్తున్నారు. తొలి పురుడు పుట్టింట్లో కాదా అని అడిగాను.

"పసిగుడ్డు కదా బాబూ. ఈ దుమ్ములో ఎలగుంచుతాం?" అన్నాడు, తడుముకోకుండా.

అంతలో చంకలో బిడ్డతో ఒక జంట ఇల్లు చూడటానికి గేటు తీసింది. ఆయన భుజం మీది తువ్వాలు అందుకుని, వాళ్లకంటే ముందు డాబా మెట్లెక్కాడు.